కళ్ళు మూసుకున్నాక కదిలిన బండి

ఆ రోజుల్లో నేను చాలాసేపు ప్రార్థన చేసేవాణ్ణి. ఇది గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదని కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇరవై మూడేళ్ళ వయసు, జహీరాబాద్ ట్రాక్టర్ల కంపెనీలో కొత్తగా దొరికిన ట్రైనీ ఉద్యోగం, మా సంఘంలో ఆదివార బడి పిల్లలకు పాఠం చెప్పే బాధ్యత, ఇవన్నీ ఒకే ఏడాదిలో నా మీదికి వచ్చాయి. వీటన్నిటి కోసం దేవుడు నన్ను ప్రత్యేకంగా ఎన్నుకున్నాడని నాకు గట్టి నమ్మకం. (ఎన్నుకున్న మాట నిజమే అయ్యుండవచ్చు. ఎందుకోసమన్నదే నేను కొంచెం తప్పుగా అర్థం చేసుకున్నాను.) మాటలు ఎక్కువైతేనే పైన వినబడుతుందని అనుకోవద్దని ప్రభువు హెచ్చరించిన సంగతి నాకు తెలియక కాదు. పిల్లలకు దాని మీద పాఠం చెప్పింది నేనే. ఆ పాఠానికి ముందు చేసిన ప్రార్థన మాత్రం పాఠం కన్నా పొడుగు.

మా మేనత్త కూతురు, అంటే నాకు మరదలు, నాకు ‘ప్యాసింజర్ బండి’ అని పేరు పెట్టింది. “బావ ప్రార్థన షురూ జేసిండంటే ప్రతి స్టేషన్‌ల ఆగుతడు. వానల కాడ ఆగుతడు, పంటల కాడ ఆగుతడు, దవాఖానల ఉన్నోళ్ళ కాడ ఆగుతడు, మంత్రుల కాడ ఆగుతడు. ఆమేన్ ఊరు వచ్చేసరికి మా కాళ్ళు తిమ్మిరెక్కి లేవరావు” అనేది. నేను ఆమె వైపు జాలిగా చూసి నవ్వేవాణ్ణి. లోతు తెలియని పిల్ల, ఏదో అంటోంది అనుకునేవాణ్ణి. ఆ జాలి నవ్వు ఎలా ఉండేదో ఆమె ఇప్పటికీ అద్దం ముందు నిలబడి చేసి చూపిస్తుంది. (ఇప్పుడు ఆమె మా ఆవిడ. కాబట్టి అద్దం మా ఇంట్లోదే.)

మా సంఘంలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరికీ గార్డు తాత. గార్డు అంటే గేటు దగ్గర కూర్చునే మనిషి కాదు, బండి చివరి పెట్టెలో తెల్ల బట్టలతో నిలబడి పచ్చ జెండా ఊపే మనిషి. ఆయన రిటైరైన తరవాత బండిని మరిచిపోలేకపోయాడు. గుడి వెనక హాలులో, అయ్యగారి (అంటే మా పాస్టరుగారి) అనుమతితో, రెండు గోడల పొడుగునా బల్లలు వేసి, వాటి మీద అరచేతిలో పట్టేంత పెట్టెలతో, నిజంగా నడిచే చిన్న రైలు కట్టాడు. ఇటు చివర వికారాబాద్, మూల తిరిగేచోట కోహీర్, అటు చివర మన జహీరాబాద్. మధ్యలో ఉన్న ఎర్రమట్టి మొగుడంపల్లి నుంచి సంచిలో తెచ్చిన నిజం మట్టి. చెరుకు తోటలు చీపురు పుల్లలు. అల్లం చేను రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి చేసింది. రేకు ముక్కతో చేసిన వంతెన మీద బండి పోతుంటే టంగుటంగుమని మోగేది. జహీరాబాద్ ప్లాట్‌ఫాం దగ్గరే పట్టాలు అయిపోతాయి. (అసలు లైను ఇంకా ముందుకు పోతుంది గానీ, తాత దగ్గర బల్లలు అక్కడికే అయిపోయాయి.) ఆ చివర బండిని ఆపడానికి ఒక అగ్గిపెట్టె అతికించి ఉండేది.

ఇక రిమోట్ల సంగతి. మొదట్లో బండిని ఒక తీగ పట్టుకుని నడపాల్సి వచ్చేది. ఆ తీగ కాళ్ళకు తగిలి సంఘంలో సగంమంది తూలారు. అప్పుడు తాత హైదరాబాద్ నుంచి సామాను తెప్పించుకుని, తీగలేని రిమోట్లు రెండు తయారుచేశాడు. సబ్బుపెట్టె అంత డబ్బా, మెడలో వేసుకోవడానికి తాడు. ఒక రిమోట్‌కు కట్టిన తాడు మామూలుది కాదు, ఆయన నౌకరీలో విజిల్‌కు కట్టుకున్న తాడు. డబ్బా మధ్యలో పైకీ కిందికీ జారే మీట. పైకి జరిపితే బండి కదులుతుంది, ఎంత పైకి జరిపితే అంత వేగం, పూర్తిగా కిందికి దించితే ఆగుతుంది. పక్కన చిన్న స్విచ్. అది ఆపి ఉంటే మీట ఎటు జరిగినా బండి ఉలకదు. “మెడల ఎందుకు తాతా, ఒక్కకాడ కూసొని నడపొచ్చు గద?” అని నేను ఒకసారి అడిగాను. “బండి నడిపెటోడు బండి ఎంబడి నడవాలె. కూసొని నడిపితే అది బండి గాదు, టీవీ” అన్నాడు. ఆయన రూల్ ఒక్కటే: రిమోట్ మెడలో వేలాడుతున్నంతసేపు స్విచ్ ఆపి ఉండాలె, చేతిలోకి తీసుకుని బండిని కంటితో చూసినాకనే వేయాలె. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం, నాకు తెలిసిన ఏ ప్రసంగీకుడి మొహంకన్నా గంభీరంగా ఉండేది.

ఆ బండిని గార్డమ్మ ఏనాడూ చూడలేదు. గార్డమ్మ అంటే తాత భార్య. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ హాలులోకి పోతే ఆమె మాత్రం చెప్పులు వేసుకుని ఇంటిదారి పట్టేది. “నా సవతిని చూడనీకి నేను రావాల్నా?” అనేది. ఆమె కోపంలో న్యాయం ఉంది. తాత నౌకరీ చేసిన ముప్పై ఏళ్ళకు పైగా కాలంలో క్రిస్మస్ నాడు ఇంట్లో ఉన్నది మూడుసార్లు. మిగతా పండుగలన్నీ ఆమె ఒక్కతే పిల్లలకు కొత్తబట్టలు తొడిగి, గుడికి తీసుకొచ్చి, తిరిగి పోయి, వాకిట్లో కూర్చుని బండి కూత వినేది. కూత వినబడేది, మనిషి రాడు. బండి ఆయన్ని తీసుకుని లైను చివరనున్న పర్లీకి పోయేది.

ఆ ఏడు తాత చేతులకు వణుకు వచ్చింది. మీట పట్టుకుంటే బండి ఎగిరెగిరి నడిచేది. దవాఖానలో మందులిచ్చారు గాని వణుకు తగ్గలేదు. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు ఆయన నన్ను హాలులోకి పిలిచి, విజిల్ తాడు రిమోట్‌ను నా చేతిలో పెట్టాడు. “ఈ పండుగకు ఆమె వస్తనన్నది రా. ఒక్కసారి చూస్తనన్నది. బల్ల చివర, గీడ, కుర్చీ ఏస్తున్న. వికారాబాద్ కెల్లి బండి మెల్లగ రావాలె, సరిగ్గ ఆమె ముంగట ఆగాలె. గంతే.” చివరి పెట్టె తలుపులో ఆయన కొత్తగా అతికించిన బొమ్మ ఉంది. చిటికెన వేలి గోరంత గార్డు. తెల్ల బట్టలు, చేతిలో పచ్చ జెండా. “పండుగ నాడు నేను ఇంటికొచ్చినట్టు ఉండాలె” అన్నాడు, ఇంకోవైపు చూస్తూ. నేను ఆ రెండు వారాలూ డ్యూటీ అయిపోగానే వచ్చి సాధన చేశాను. అగ్గిపెట్టెకు రెండు వేళ్ళ దూరంలో ఆపడం నేర్చుకున్నాను. ఇంత బాగా నేర్చుకున్నవాడు ఊరుకోవాలి కదా. నేను ఊరుకోలేదు. దానికి ఒక అందం కలపాలనుకున్నాను.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక, ప్రేమవిందుకు ముందు, సంఘమంతా హాలులో చేరింది. పక్కనే వంటపందిట్లో బగారన్నం దించారు. ఆ వాసన తలుపు సందులోంచి వచ్చి అందరి ముక్కుల దగ్గరా నిలబడింది. గార్డమ్మ ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని, జహీరాబాద్ చివరన కుర్చీలో నిటారుగా, ఎవరిదో కోర్టు కేసు వినడానికి వచ్చినట్టు కూర్చుంది. పక్కన తాత. నేను వికారాబాద్ దగ్గర, మెడలో రిమోట్‌తో. మా మరదలు నాకు కొన్ని అడుగుల దూరంలో, కోహీర్ దగ్గర, మెడలో రెండో రిమోట్‌తో. ఆమెది గూడ్సు బండి, ఎర్రటి చిన్న ట్రాక్టర్లు ఎక్కించుకుని పక్క లైనులో ఆగి ఉంది. అయ్యగారు అందర్నీ చూసి, నా వైపు తిరిగి, “తమ్ముడు ప్రార్థన చేస్తడు. చిన్న ప్రార్థన” అన్నారు. చిన్న అన్నది ఆయన రెండుసార్లు అన్నారని తరవాత చాలామంది చెప్పారు. నాకు ఒక్కసారి కూడా వినబడలేదు.

ఎందుకంటే నా మనసు నేను కలపబోయే అందం మీద ఉంది. నేను ఆమేన్ అన్న క్షణానే బండి కదలాలి. కళ్ళు తెరిచేసరికి బండి వస్తూ కనబడాలి. ఆమేన్ తరవాత రిమోట్ తీసుకుని, స్విచ్ వేసి, మీట జరిపేసరికి ఆలస్యం అవుతుందని, ముందే స్విచ్ వేసి ఉంచాను. రిమోట్ మెడలోనే వేలాడుతోంది. తాత రూల్ గుర్తులేక కాదు. ఈ ఒక్కసారికి నా భక్తి ఆ రూల్ కన్నా పెద్దదనిపించింది. తరవాత చేతులు జోడించి, అలవాటు ప్రకారం గుండెకు గట్టిగా హత్తుకుని, కళ్ళు మూసుకున్నాను. గుండెకూ చేతులకూ మధ్యన ఏముందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా సంఘం సంగతి ఒకటి చెప్పాలి. ‘ప్రార్థన చేసుకుందాం’ అన్న మాట వినబడితే మావాళ్ళు ఉన్నచోటే, ఉన్నట్టే కళ్ళు మూస్తారు. గరిటె పట్టుకున్నామె గరిటెతోనే మూస్తుంది. సగం చెప్పు వేసుకున్నవాడు ఒంటికాలి మీద మూస్తాడు. ఆమేన్ అనేదాకా పక్కన పిడుగు పడినా తెరవరు, మాట్లాడరు. పిల్లలకు ఈ క్రమశిక్షణ నేర్పింది నేనే. కళ్ళు తెరిచిన పిల్లకు వచ్చే ఆదివారం కంఠతా వాక్యాలు రెండు ఎక్కువ. కాబట్టి ఆ తరవాత జరిగింది హాలులో ఒక్కరు కూడా చూడలేదు. అందరూ విన్నారు.

నేను వానలతో మొదలుపెట్టాను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, కృతజ్ఞత ఉప్పొంగింది, చేతులు కాస్త పైకి జరిగాయి. బండి వికారాబాద్ వదిలింది. పంటల దగ్గరికి వచ్చేసరికి రేకు వంతెన టంగుటంగుమంది. పందిట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నారనుకున్నాను. దవాఖానలో ఉన్నవాళ్ళ కోసం గొంతు తగ్గించి, చేతులు దించి, నెమ్మదిగా ప్రార్థించాను. బండి కోహీర్‌లో ఆగిందట. (న్యాయంగా అక్కడ ఆగాల్సిందే.) అప్పుడే నా మోచేతిని ఎవరో పట్టి లాగారు. మా మరదలు. బండి తన ముక్కు కిందికి వచ్చి ఆగిన చప్పుడు విని, కళ్ళు మూసుకునే, బల్లను తడుముకుంటూ నా దాకా వచ్చింది పాపం. నోరు తెరవకూడదు కాబట్టి మోచెయ్యి లాగింది. ఆకలవుతోంది, త్వరగా ముగించు అంటోందనుకున్నాను. బగారన్నం కోసం దేవుడి సన్నిధిలో ఇంత తొందరా అని బాధ కలిగి, ‘ఆత్మనిగ్రహం లేని యౌవనస్తుల కోసం’ అని అదనంగా ఒక స్టేషన్ కలిపాను. ఆమె ఇంకా గట్టిగా లాగింది. నేను ఇంకా గట్టిగా ప్రార్థించాను.

ఆ తరవాత నాయకులు, అధికారులు, సైనికులు అయ్యారు. బండి మళ్ళీ కదిలింది. గాలి వీచినట్టు సన్నటి చప్పుడు హాలంతా వినబడుతోంది. జనం ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. నా ప్రార్థన ఇంతమందిని ఇంతగా కదిలించడం అదే మొదటిసారి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక ఆగలేక ప్రభువు రెండో రాకడ దగ్గరికి వచ్చేశాను. “తండ్రీ, ఆలస్యం చేయకు, నీ కోసం ఎదురుచూస్తున్నవారి దగ్గరికి రా, త్వరగా రా!” అంటూ జోడించిన చేతులు రెండూ గుండె మీదుగా గొంతు దాకా ఎత్తాను. మీట చివరిదాకా పోయింది. చప్పుడు ఈలలా మారింది, ఏదో టప్పుమని పగిలింది, ఆ తరవాత ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. “ఆమేన్” అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

కళ్ళు తెరిచి వికారాబాద్ వైపు చూశాను. బండి లేదు. అగ్గిపెట్టె గోడ దగ్గర పడి ఉంది. ఒక పెట్టె బల్ల అంచు మీద, ముందుకు పోనా వద్దా అన్నట్టు వేలాడుతోంది. ఇంజను గార్డమ్మ ఒడిలో, ఆకుపచ్చ చీరలో వెల్లకిలా పడి, చక్రాలు ఇంకా గిరగిరా తిరుగుతున్నాయి. ఎందుకంటే జోడించిన నా చేతులు ఇంకా గొంతు దగ్గరే ఉన్నాయి. మా మరదలు వచ్చి రిమోట్ పక్కనున్న స్విచ్ ఆపేసింది. “స్టేషన్లన్నీ అయినయా బావా?” అంది, మెల్లగా. ఆమె గొంతులో నవ్వు లేదు. ఆమె కూడా తాత వైపే చూస్తోంది.

నేను తాత దగ్గరికి పోయాను. ఇంజను ముందు అద్దం పగిలింది. ఆయన దాన్ని నెలల తరబడి ఆకురాయితో గీసి చేసుకున్నాడు. అంతకన్నా, ఆయన ముప్పై ఏళ్ళకు పైగా బాకీపడిన ఒక రాకను నాకప్పగించాడు. నేను దాన్ని నా ప్రార్థనకు అలంకారంగా వాడుకున్నాను. ఇది అప్పుడు ఇంత స్పష్టంగా తెలియలేదు, చెవులు మండడం మాత్రం తెలిసింది. “తాతా, నీకు వినబడ్డది గద, బండి కదిలింది అని. ఎందుకు ఆపలే?” అన్నాను. వంతెన ఎప్పుడు దాటిందీ, కోహీర్‌లో ఎంతసేపు ఆగిందీ, మూల మీద ఎంత వేగంతో తిరిగిందీ అన్నీ ఆయన చెవులతోనే లెక్కగట్టాడట. “చైన్ లాగినోళ్ళను శానమందిని చూసిన రా” అన్నాడు. “గాని నువ్వు దేవునితోని మాట్లాడుతున్నవ్. నడుమల నేనెట్ల ఆపుత?”

అంతకన్నా పెద్ద తిట్టు నేను ఇంతవరకూ తినలేదు. నేను ఎవరితో మాట్లాడుతున్నానో నాకు తెలుసు. సగం దేవుడితో, సగం హాలుతో.

అప్పటిదాకా గార్డమ్మ కదలలేదు. ఇంజను ఒడిలో అలాగే ఉంది. ఆమె చీర కుచ్చెళ్ళలో వేళ్ళు పెట్టి ఏదో వెతుకుతోంది. మేమంతా దెబ్బ తగిలిందేమోనని భయపడ్డాం. అయ్యగారు “అమ్మా, ఏమన్న అయిందా?” అని ముందుకు వచ్చారు. ఆమె చెయ్యి పైకెత్తింది. వేళ్ళ మధ్య చిటికెన గోరంత తెల్ల బట్టల మనిషి. జెండా విరిగింది, మనిషి బాగానే ఉన్నాడు. ఆమె దాన్ని వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత పక్కకు తిరిగి, భర్తను పైనుంచి కిందికి చూసి, “ఇన్నేండ్లు కూత ఇనుకుంట కూసున్న, రాకపోతివి. ఇయ్యాల కండ్లు మూసుకుంటే సీద ఒడిలకే వస్తివి” అంది. “గింత తొందరేందయ్యా? నేనేడికి పోత?”

తాత మొదట నవ్వాడు. తరవాత ఆ వణికే చేతులతో మొహం కప్పుకున్నాడు. హాలులో ఉన్న పెద్దలందరూ పైకప్పు చూడడం మొదలుపెట్టారు. పందిట్లోంచి గరిటె పట్టుకున్నామె తొంగిచూసి, “ఆమేన్ అన్నరా లేదా? అన్నం చల్లగైతుంది” అని కేకేసింది. అప్పుడు అందరూ ఒక్కసారిగా “ఆమేన్” అన్నారు. నేను జీవితంలో విన్న ఆమేన్లలో అంత మనస్ఫూర్తిగా పలికింది అదొక్కటే. అది నా ప్రార్థనకు కాదు.

భోజనాలయ్యాక తాత పెట్టెల్ని పట్టాల మీదికి ఎక్కించాడు. అద్దం లేకపోయినా ఇంజను నడుస్తుందన్నాడు. రిమోట్ ఇటివ్వమని చెయ్యి చాపాడు. నా మెడలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తను వేసుకోలేదు, ఇంకెవరికీ ఇవ్వలేదు. గార్డమ్మ మెడలో వేశాడు. విజిల్ తాడు ఆమె పూసల దండ మీద పడింది. “ఇగ డ్యూటీ నీది” అన్నాడు. “నాకేం తెలుస్తది?” అంది ఆమె, స్విచ్ వేస్తూనే. రూల్ ప్రకారం రిమోట్‌ను చేతిలోకి తీసుకుని, బండిని కంటితో చూసి మరీ వేసింది. ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంట్లో భోజనం దగ్గర ఇన్నేళ్ళూ అదే చెప్పుంటాడు. బండి వెంట నడుస్తూ, వికారాబాద్ నుంచి కోహీర్, కోహీర్ నుంచి జహీరాబాద్, ఎక్కడా కుదుపు లేకుండా తెచ్చి, అగ్గిపెట్టె ఉండాల్సిన చోటుకు ఒక్క వేలి దూరంలో, తాత ఎదురుగా ఆపింది. నేను రెండు వారాలు సాధన చేసినా నా దూరం రెండు వేళ్ళు.

తాత ప్రభువునందు నిద్రించి మూడేళ్ళు దాటింది. బండి ఇంకా హాలులోనే ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ నడిపేది గార్డమ్మే. తెల్ల బట్టల బొమ్మను కొత్త జెండాతో చివరి పెట్టెలో మళ్ళీ అతికించాం. ఇంజనుకు కొత్త అద్దం పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ హాలులో ప్రార్థన చేయమని నన్ను పిలుస్తూనే ఉంటారు, మావాళ్ళ మనసు పెద్దది. నేను లేచి నిలబడగానే కుర్చీలోంచి గార్డమ్మ గొంతు వినబడుతుంది: “స్విచ్చులు బంద్ జేసిన్రా? జర ఆయన మెడ చూడున్రి!” పిల్లలు పకపకా నవ్వుతారు. మా ఆవిడ అందరికన్నా గట్టిగా నవ్వుతుంది. నా ప్రార్థన ఇప్పుడు రెండు నిమిషాలు. మధ్యలో స్టేషన్లు చాలా తీసేశాను. చిత్రమేమిటంటే, మాటలు తగ్గిన తరవాతే, నేను చెప్పేది అవతల ఎవరో వింటున్నారన్న ధైర్యం పెరిగింది.

ఒక్క అలవాటు మాత్రం పోలేదు. కంపెనీలో, ఇంట్లో, గుడిలో, ఎక్కడ ప్రార్థనకు చేతులు జోడించబోయినా, ముందు మెడలోని కంపెనీ గుర్తింపుకార్డును వీపు వెనక్కి తిప్పుకుంటాను. దాని మీద ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడి ఫోటోనే ఇంకా ఉంది. తను ఆమేన్ అంటే తప్ప ఏ బండీ కదలదని నమ్మినవాడు. వెనక్కి తిప్పేటప్పుడు వాడివైపు ఒకసారి చూస్తాను. జాలిగా నవ్వుతాడు, లోతు తెలియనివాణ్ణి చూసినట్టు.